వెనక్కి తిరిగిన బసవన్న

మేము నంద్యాలలో ఆ ఇంట్లో దిగాక వచ్చిన మొదటి ఆదివారం, పొయ్యి మీది పాలగిన్నె ఉన్నట్టుండి అదరడం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నేను గ్యాసు కట్టేసి, సాత్వికను చంకనేసుకొని, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాను. కింద అరుగు మీద ఇంటావిడ ఉమామహేశ్వరమ్మ కూర్చొని మల్లెపూలు కడుతోంది. నన్ను చూసినా ఆమె చేతులు ఆగలేదు.

"భయపడొద్దు పాపా. మీ పెద్నాయన దాన్ని నిద్ర లేపుతాండాడు," అంది.

మాకూ వాళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. ఆ ఒక్క మాటతో ఇంటాయన నాకు పెదనాయన, ఆమె పెద్దమ్మ అయిపోయారు. నాలుగేళ్ల సాత్వికకు తాత, అవ్వ దొరికారు.

పెదనాయన పేరు కాశీవిశ్వనాథం. ఊళ్లో అందరికీ పైపుల శెట్టి. గాంధీచౌక్ దగ్గర అంగడి. బోర్లకు వేసే పైపులు, గేట్లకు వాడే పైపులు, మేకులు, బోల్టులు అన్నీ దొరుకుతాయి. ఆరు రోజులు అందరు శెట్లలాగే ఉంటాడు. పొద్దున విభూతి పెట్టుకొని స్కూటరు మీద వెళ్తాడు, మధ్యాహ్నం వచ్చి అన్నం తిని ఒక కునుకు తీస్తాడు, మళ్లీ వెళ్తాడు. ఏడో రోజు మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు తీస్తాడు.

ఆ షెడ్డులో ఉన్నదాన్ని చూడగానే అదేమిటో నాకు అర్థం కాలేదు. రెండు పొడుగాటి ఇనుప పైపులు పక్కపక్కనే సాగి, ముందుకు పోయేకొద్దీ దగ్గరగా వచ్చాయి. ఆ కొసన మోటారు సైకిలు చక్రాలు రెండు. వెనక మాత్రం నున్నటి లావు టైర్లు. వాటికి కాస్త ముందు, పైన ఏ మూతా లేకుండా, పాత కాంటెస్సా కారు ఇంజను. మనిషి కూర్చునే చోటు యాడుందా అని వెతికితే అది వెనక చక్రాలకు కూడా అవతల, తోకలో కనిపించింది. అందులో పెదనాయన నిండుగా కూర్చొని ఉన్నాడు.

దాన్ని డ్రాగ్‌స్టర్ అంటారు. మలుపులు తిరగడం దాని పని కాదు. నేరుగా ఉన్న రోడ్డు మీద పావు మైలు, ఇద్దరు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం వెలగగానే వదలాలి. ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. ఇప్పటి బండ్లలో ఇంజను మనిషికి వెనక ఉంటుంది. పెదనాయనకు అవి నచ్చవు. ఆయన చిన్నప్పుడు అంగడిలో మేకులు పొట్లం కట్టడానికి పాత ఇంగ్లీషు పత్రికలు తూకానికి కొనేవాళ్లు. అందులో ఒక కాగితం మీద ఇట్లాంటి బండి బొమ్మ ఉంది. దాన్ని ఆయన పొట్లం కట్టలేదు. అదే బండి ఎందుకు, ఇప్పటి రకం ఎందుకు చేయలేదు అని నేను ఒకసారి అడిగాను. తన లెక్క ఆయన చెప్పాడు. గడివేముల వైపు నాయనతో వెళ్లేటప్పుడు చేలలో గొర్రు తోలేవాళ్లను చూసేవాడట. ఎద్దులు ముందు, మనిషి వెనక.

"సేద్యం చేసేటోడు ఎద్దుల ముందర కూచుంటాడామ్మా?" అన్నాడు.

అప్పటికి ఆయన చేసిన బండి అది మూడోది. మొదటిదానికి పోటీలో బయల్దేరే గీత దగ్గరే చైను తెగింది. రెండోదాన్ని తనిఖీ చేసినవాళ్లు అతుకులు బాగాలేవని పక్కన పెట్టారు. పోటీ ఏడాదికొకసారి, బెంగళూరు అవతల విమానాలు దిగే ఒక ప్రైవేటు రన్‌వే పట్టీ మీద జరుగుతుంది. ఏటా వెళ్లి, ఎండలో నిలబడి, ఇతరుల బండ్లు చూసి వచ్చేవాడు. పావు మైలు ఆ కొస నుంచి ఈ కొసకు ఆయన తన బండిలో ఒక్కసారి కూడా పోలేదు.

ఈ ఏడాది పోకపోతే ఇక ఎప్పటికీ పోలేడు. అరవై నిండినవాళ్లు తోలకూడదని ఆ పోటీవాళ్ల నిబంధన. పోటీ జరిగిన మరుసటి వారమే పెదనాయన షష్టిపూర్తి. కూతురు హర్షిణి అత్తగారింటి నుంచి ఫోన్లు చేసి పందిరికి, వంటవాళ్లకు మాట్లాడుతోంది. ఇంట్లో అందరూ ఆ రోజు కోసం ఎదురుచూస్తుంటే, ఆయన దానికి ముందు వచ్చే ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆ సంగతి తెలిశాక పెదనాయన అప్పుడప్పుడు మెట్ల దగ్గర నన్ను ఆపి ఏదో ఒకటి అడిగేవాడు. నేను తిరిగి బెల్టు సంగతి, నిప్పు ఆర్పే సీసా సంగతి, తల చుట్టూ ఉండే ఇనుప చట్రం సంగతి అడిగేదాన్ని. అన్నీ ఉన్నాయి. ఉన్నాయని తెలిసినా మళ్లీ అడిగేదాన్ని. ఇంట్లో ప్రతి ప్లగ్గు రంధ్రానికీ మూత పెట్టినదాన్ని, అది నా అలవాటు.

గోస్పాడు దారిలో ఒక వెంచరు ఉంది. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ మధ్యలో తారురోడ్డు మాత్రం తాడు పట్టినట్టు వేశారు. దాని ఓనరు పెదనాయన అంగడికి వచ్చేవాడే. గేటు తాళం ఇచ్చాడు. ఒక ఆదివారం పొద్దున మేమూ చూడటానికి వెళ్లాం. వెల్డింగు పని చేసిపెట్టే పార్థు బండిని లారీ నుంచి దించాడు. పెదనాయన హెల్మెట్ పెట్టుకొని, బెల్టులు బిగించుకొని, ఒక్కసారిగా వదిలాడు.

ముందు చక్రాలు రెండూ జానెడు ఎత్తు గాల్లోకి లేచాయి.

నేల మీద లేని చక్రాన్ని ఎటు తిప్పితే ఏం లాభం? బండి మెల్లగా ఎడమకు ఒరుగుతూ పోయింది. ఆయన కాలు తీశాడు. ముందుభాగం దబ్బున కిందపడి, రోడ్డు దిగి, పప్పుశనగ చేను గట్టు దగ్గర ఆగింది. నేను సాత్విక చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, అది ఏడ్చేదాకా నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చి, బండి బాగానే పోయిందని పెదనాయన పెద్దమ్మకు చెప్పాడు. సాత్విక ఆమె ఒళ్లో కూర్చొని పూలు అందిస్తూ, "తాత బండి ఎగిరింది అవ్వా," అంది. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె దారం కొరికి ముడివేసింది.

బండి ముక్కు లేవకుండా ఉండాలంటే ముక్కు మీద బరువు పెట్టాలి. ఇంజను ఎంత బలంగా చక్రాలను తిప్పుతుందో, అంత బలంగా బండి ముందుభాగం పైకి లేవాలని చూస్తుంది. పైగా వెనక ఇరుసుకు అవతల కూర్చున్న మనిషి బరువు కూడా ఆ లేవడానికే సాయం చేస్తుంది. నేను లెక్క వేసి, ముక్కు కొసన ఇరవై కేజీలు ఉంటే చాలన్నాను. అదంతా విన్న పెద్దమ్మ వంటింట్లో నుంచే తేల్చేసింది.

"మూతికి రాయి కట్టేదానికంటే వెనకాల బరువు తగ్గించుకుంటే పోలా?"

మరుసటి రోజు నుంచి ఆయనకు సాయంత్రం బజ్జీలు బందయ్యాయి.

ఆ బరువు ఒకటే ముక్కగా, గట్టిగా బిగించి ఉండాలని పోటీవాళ్ల షరతు. పైపుల శెట్టికి ఇనుప దిమ్మె దొరకడం ఎంతసేపు? కానీ ఆ మాటలు జరిగే రోజు అంగడిలో నరసింహాచారి ఉన్నాడు. పెదనాయన పదో తరగతి దాకా అమ్మమ్మగారి ఊరు ఆళ్లగడ్డలో చదివాడు. అప్పటి నుంచి ఇద్దరూ స్నేహితులు. ఆచారి దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పి. మూడు బండ్లలో ఏ ఒక్కదానికీ తన చెయ్యి పడలేదని ఆయనకు లోపల ఉండేది.

"బండంతా నీ ఇనుమే కదా శెట్టీ. ఒక్క రాయన్నా నాది ఉండనీ," అన్నాడు.

నేను కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ముందు సన్నగా, వెనక మందంగా, కోసిన గుమ్మడి ముక్క లాంటి ఒక మొద్దు. రెండు బోల్టులకు రంధ్రాలు. ఇరవై కేజీలు అని కింద రాశాను.

పోటీ ఇంకో వారం ఉందనగా ఆళ్లగడ్డకు వెళ్లాం. పెదనాయన కారు నడుపుతున్నాడు, వెనక సీట్లో నేనూ సాత్వికా. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన శిల్పుల రేకుల షెడ్లు మొదలయ్యాయి. కోత మిషన్ల చప్పుడు, తెల్లటి రాతి పొడి. సగం చెక్కిన అమ్మవార్లు, ఇంకా ముఖం రాని ఆంజనేయులు వరసగా నిలబడి ఉన్నారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో చదువుకున్నదాన్ని కాబట్టి, సాత్విక ముక్కుకు మాస్కు కట్టి, దాని మీద చున్నీ కూడా చుట్టాను. ఆచారి చూసి నవ్వుకున్నాడు గానీ, దగ్గర్లో తిరుగుతున్న మిషన్లన్నీ ఆపించాడు.

తర్వాత ఒక గోనెపట్ట తీశాడు.

కింద మొద్దు లేదు, నంది ఉంది. నల్లరాతి నంది. కాళ్లు మడుచుకొని, మూపురం ఎత్తి, నాలుక కొస ముక్కుకు తాకించి కూర్చుంది. మెడ చుట్టూ, మూపురం వెనక నుంచి పొట్ట మీదుగా మువ్వల పట్టీలు. ఒక్కో మువ్వా వేరుగా కనిపిస్తోంది. కళ్లు మమ్మల్నే చూస్తున్నాయి.

పెదనాయన దాని చుట్టూ తిరిగి చూసి, "నేనడిగింది మొద్దు కదప్పా ఆచారీ," అన్నాడు.

"మొద్దు కావాలంటే క్రషర్ కాడికి పోవల్ల. నా కాడికి ఎందుకొస్తివి?"

పక్క షెడ్డులో కాటా ఉంటే దాని మీద పెట్టి చూశాం. ముప్పై. నేను రాసిచ్చినదానికి సగం ఎక్కువ. మూపురం, పీఠం వచ్చేసరికి రాయి అంత కావలసివచ్చిందని ఆచారి చెప్పాడు. "యాగంటి బసవన్న మాదిరి నీ షెడ్డులో పెరిగినట్టుండాది," అని పెదనాయన ఎగతాళి చేశాడు. యాగంటిలో నంది ఏటేటా పెరుగుతోందని మా వైపు అందరూ చెప్పుకుంటారు. ఆచారి నవ్వలేదు.

ఎక్కువైతే ఏమని పెదనాయన నన్నడిగాడు. ముక్కు మీద అంత బరువు పెడితే ఆ సన్నటి ఇరుసు ఓర్చుకోలేదు, బిగించే చోటు కూడా దానికి తగినట్టు లేదు అన్నాను. అయితే కింద పీఠం చెక్కేసి పది కేజీలు తగ్గించమన్నాడు ఆయన. ఆచారి చేతులు కట్టుకున్నాడు.

"కండ్లు తెరిపించినా. ఇంక ఉలి పెట్టను."

వాళ్ల పద్ధతి నాకు అప్పుడు తెలిసింది. విగ్రహానికి ఆఖరున చెక్కేది కళ్లు. అప్పటిదాకా అది రాయి, యాడ కావాలంటే ఆడ కొట్టవచ్చు. కళ్లు తెరిచాక అది రాయి కాదు. అడుగున, ఎవరికీ కనపడని చోట కూడా ఉలి పెట్టరు. ఆచారి తెల్లవారుజామున తలస్నానం చేసి మరీ ఆ పని ముగించాడట. తూకం చూసుకున్నాక తెరిపించి ఉంటే సరిపోయేది. ఆయనకు ఆ సంగతి తట్టలేదు. అంతవరకూ ఆయన చెక్కినవి ఏవీ తూకానికి చెక్కినవి కావు.

"బండి బరువుకు కండ్లెందుకప్పా? ఎవురు తెరవమనిరి?" అన్నాడు పెదనాయన.

"మీ ఇంట్లో అడుగు," అన్నాడు ఆచారి.

తిరుగు ప్రయాణమయ్యాం. నందిని వెనక సీట్లో పాత దుప్పటి మీద కూర్చోబెట్టాం. ఒక పక్క అది, మధ్యలో నేను, ఇంకో పక్క తన చిన్న సీట్లో సాత్విక. ఆ సీటును నేను హైదరాబాదు నుంచి తెప్పించాను. మా వీధిలో అట్లాంటిది ఇంకెవరికీ లేదు, అందరూ దాన్ని చూసి వింతగా నవ్వుతారు. సాత్విక తన బెల్టు చూసుకొని, బసవన్నకూ బెల్టు పెట్టాలని పేచీ పెట్టింది. నేను వంగి నందికి బెల్టు వేశాను. అది మూపురం వెనక, మువ్వల పట్టీ చెక్కిన పల్లంలో సరిగ్గా ఒదిగి కూర్చుంది. రోడ్డు మీద గుంతలొచ్చినా బసవన్న కదల్లేదు. ఇల్లు చేరేదాకా నేను ఆ పల్లం వైపే చూస్తూ ఉన్నాను.

ఇంట్లో పెద్దమ్మ అడగకముందే చెప్పింది. అవును, తనే ఫోన్ చేసింది. మొద్దు వద్దు, బసవన్నను చెయ్యమంది, కళ్లు తెరిపించి పంపమంది. పెదనాయన కోప్పడబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"నేను ఆడ ఉండను. నాకు చూసే ధైర్యం లేదు," అంది ఆమె. "బండి ఎగిరితే బాగా పోయిందని నాతో చెప్తివి. ఎవరో ఒకరు కండ్లు తెరుసుకొని నీతో ఉండాల కదా."

ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. నంది బరువు ఇంత ఎక్కువవుతుందని ఆమెకు తెలియదని, ఇప్పుడు ఇనుప దిమ్మె వేసుకొని నందిని పూజగదిలో పెట్టుకుంటే సరిపోతుందని నేను మెల్లగా అన్నాను. అదే తేలిక. కానీ పెదనాయన తల అడ్డంగా ఊపాడు. చేసినవాడు ఆచారి, చేయించినది ఆమె. ఇద్దరిలో ఎవరినీ కాదనలేడు. ఆయన తన బండికి బరువు వెతకడం మానేసి, బసవన్నకు చోటు వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడు నాకు తోచింది చాలా చిన్న విషయం. కాలేజీలో ఏటా చెప్పేదే. ముక్కు కొసన ఇరవై కేజీలు చేసే పని, వెనక ఇరుసు నుంచి ముక్కు దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర ముప్పై కేజీలు చేస్తాయి. బరువు ఎక్కువైతే దాన్ని చెక్కాల్సిన పని లేదు, వెనక్కి జరిపితే చాలు.

"తూకం బద్ద మీద గుండు జరిపినట్లు," అన్నాడు పెదనాయన. ఆయన ముఖం తేటపడింది.

సరిగ్గా ఆ చోట బండి పైపుల మధ్య ఖాళీ ఉంది. ముక్కు కంటే అక్కడ చట్రం గట్టిగా కూడా ఉంది. బోల్టులకు రంధ్రాలు వేయడానికి వీల్లేదు కాబట్టి, కారులో బెల్టు ఒదిగిన పల్లం సంగతి చెప్పాను. పార్థు అడుగున ఒక ఇనుప తొట్టి అతికి, మువ్వల పట్టీల పల్లాల్లో రబ్బరు పరిచి, వాటి మీద ఉక్కు పట్టీలు వేసి బిగించాడు. దూరం నుంచి చూస్తే బసవన్నకు కొత్త పట్టెడ కట్టినట్టుంది.

అంతా అయ్యాక పెద్దమ్మ వచ్చి చూసి, ఇట్ల కాదంది. పార్థు నందిని ముందుకు, రోడ్డు వైపు చూసేట్టు పెట్టాడు. బండి అన్నాక అట్లాగే పెడతారు కదా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఏ గుడిలోనైనా బసవన్న స్వామికి ఎదురుగా కూర్చుంటాడు. స్వామికి వీపు చూపించడు.

"ఆ సీట్లో స్వామి యాడుండాడు పెద్దమ్మా?" అన్నాడు పార్థు.

"పేరన్నా ఉండాది కదా," అంది ఆమె.

మళ్లీ అన్నీ విప్పి, నందిని వెనక్కి తిప్పి బిగించారు. ఇంజను మీదుగా, ఆ కొసనున్న సీటు వైపు చూస్తూ.

దాన్ని తోలి చూసే వీలు దొరకలేదు. ఆ వారంలోనే వెంచరు రోడ్డును మురుగు పైపుల కోసం తవ్వేశారు. ఆ పైపులు పెదనాయన అంగడివే. అందరూ ఆ మాటకు నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. నా లెక్కను ఎవరూ సరిచూడలేదు. దాని మీద ఒక మనిషి కూర్చొని పోబోతున్నాడు. తరగతిలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఖాళీ బోర్డు మీద ఆ లెక్కనే మళ్లీ వేశాను. ఇంటికొచ్చి సాత్విక క్రేయాన్లతో వేశాను. ప్రతిసారీ అదే జవాబు వచ్చింది, అయినా నెమ్మది లేదు.

పోటీకి రానన్న పెద్దమ్మ బయల్దేరింది. పెదనాయన కోసం కాదని, బసవన్నకు పొద్దున పూజ ఎవరు చేస్తారని బయల్దేరానని అంది. పూలు, విభూతి, హారతి పళ్లెం సంచిలో పెట్టుకుంది. ఆచారి ఆళ్లగడ్డ నుంచి నేరుగా వచ్చాడు.

విమానాల పట్టీ మీద ఎండ అప్పుడే తెల్లగా కాస్తోంది. రంగురంగుల కార్లు, వాటి చుట్టూ మూగిన కుర్రాళ్లు. తనిఖీ చేసే ఆయన బెంగళూరు మనిషి, తెలుగు బాగానే వచ్చు. బెల్టులు లాగి చూశాడు, అతుకులు తట్టి చూశాడు, బ్రేకులు తొక్కమన్నాడు. ముందుకు వస్తూ బండి పైపు మీద ఒక కాలు పెట్టి వంగాడు. వంగినచోట నంది కనిపించింది. మెడలో మల్లెదండ, నుదుట విభూతి.

ఆయన మెల్లగా కాలు దించాడు.

"ఇదేంది సార్?"

బరువు అన్నాడు పెదనాయన. ఒకటే ముక్క అని నేను చెప్పాను, యాడ పెట్టామో, ఎందుకు పెట్టామో చెప్పాను. ఆయన రెండు చేతులతో నందిని పట్టుకొని ఊపాడు. కదల్లేదు. ఇంకోసారి, కాళ్లు తన్నిపెట్టి ఊపాడు. పట్టీలన్నీ వేలితో తడిమి చూశాడు. మల్లెదండ మాత్రం తీసేయాలన్నాడు, ఊడిపోయే వస్తువేదీ బండి మీద ఉండకూడదట. పెద్దమ్మ కిక్కురుమనకుండా తీసి సంచిలో వేసుకుంది. ఆయన చీటీ అంటించబోయి ఆగి, అడగనా వద్దా అన్నట్టు, ఇది వెనక్కి ఎందుకు తిరిగి ఉందని అడిగాడు.

"రోడ్డు చూసేదానికి ఆయన ఉండాడు. ఆయన్ను చూసేదానికి బసవన్న," అంది పెద్దమ్మ.

చీటీ అంటించాడు.

ఆ రోజు ఇద్దరిద్దరిని వదులుతున్నారు, ఓడినవాళ్లకు అంతటితో సరి. పెదనాయన పక్కన నిలబడిన కుర్రవాడి బండి ముందు ఈ పొడుగాటి పాత రకం ఏమాత్రం సరిపోదని చూడగానే తెలుస్తోంది. పెదనాయన అటు చూడలేదు. హెల్మెట్ అద్దం దించుకున్నాడు. నేను సాత్విక చెవులకు పెద్ద మఫ్లర్ కట్టి ఎత్తుకున్నాను. దాని చెయ్యి పట్టుకోలేదు, గట్టిగా నొక్కేస్తానని భయం. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఆచారి ఆమె పక్కనే నిలబడి ముందు చక్రాల వైపే చూస్తున్నాడు.

పచ్చదీపం వెలిగింది. ఇంజను ఒక్కసారి గర్జించి బండి కదిలింది. ముక్కు వణికింది. ముందు చక్రాలు నేలను వదలాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం తేలికయ్యాయి, అంతే, నేలకు అంటుకొని పరుగెత్తాయి. బండి గీత గీసినట్టు పోయింది. చిన్నదై, ఇంకా చిన్నదై, ఆ కొసన ఎర్రజెండా దాటి, మెల్లగా ఆగింది.

"అయిపోయింది పెద్దమ్మా," అన్నాను. ఆమె కళ్లు తెరిచింది. ఆచారి తల మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆయనకు చెమట పట్టలేదు.

పక్క కుర్రవాడు ఎప్పుడో చేరిపోయాడు. పెదనాయన ఓడిపోయాడు. ఆ సంగతి మాలో ఎవరికీ చాలాసేపటిదాకా గుర్తు రాలేదు.

ఒక జీపు బండిని తాడు కట్టి లాక్కొచ్చింది. పెదనాయన హెల్మెట్ తీశాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. దిగమన్నా దిగలేదు, అట్లాగే కూర్చున్నాడు. ఎట్లుండిందని ఆచారి అడిగాడు.

"రోడ్డు సగమే చూసినాను ఆచారీ," అన్నాడు. "ఎప్పుడు తల ఎత్తినా ఆయన నన్నే చూస్తాండె. ఆ కండ్లు ఎందుకు తెరిస్తివో ఏమో, తప్పు చేసేదానికి వీలు కాలేదు."

ఆచారి నంది వీపు మీద చెయ్యి పెట్టాడు. పెద్దమ్మ సంచిలో నుంచి మల్లెదండ తీసి మళ్లీ దాని మెడలో వేసింది. తర్వాత మిగిలిన మూర తీసి, భర్త చేతిలో పెట్టింది. అంతమందిలో తన జడలో పెట్టమని ఆమె అడగలేదు. ఆయన పెట్టాడు.

షష్టిపూర్తి బాగా జరిగింది. హర్షిణి అన్నీ దగ్గరుండి చూసుకుంది. నిబంధన మారలేదు, పెదనాయన ఇక ఆ పోటీలో తోలలేడు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ మాట్లాడడు. ఆదివారం షెడ్డు తలుపు మాత్రం తీస్తున్నాడు.

ఒకటి ఎవరూ ముందు ఆలోచించలేదు. కళ్లు తెరిచిన బసవన్నకు రోజూ నీళ్లు, పువ్వు, దీపం ఉండాలి. అందుకని షెడ్డు ఇప్పుడు ఆదివారం ఒక్కరోజే కాదు, రోజూ తెరుచుకుంటోంది. ఇంజను మీద దుమ్ము నిలవడం లేదు. సాత్విక బంతిపువ్వు ఒకటి తీసుకొని వెళ్లి, మునివేళ్ల మీద నిలబడి పెట్టి వస్తుంది. పైపులు తగులుతాయని నేను వాటి కొసలకు గుడ్డలు చుట్టాను.

నిన్న సాయంత్రం సాత్వికను పిలవడానికి షెడ్డులోకి వెళ్తే పెద్దమ్మ బండి తోకలో, డ్రైవరు సీట్లో కూర్చొని పూలు కడుతోంది. దారం కొస స్టీరింగుకు చుట్టి ఉంది. ఎదురుగా ఎవరూ లేకుండా బసవన్నను అట్లా ఖాళీ సీటు వైపు చూడనివ్వడం తనకు బాగాలేదని చెప్పింది. ఇంకో నాలుగు పువ్వులు కట్టింది. తర్వాత, తల ఎత్తకుండానే అడిగింది.

"పాపా, ఆ అరవై లెక్క ఆడోళ్లకు కూడానా? నాకింకా ఎనిమిదేండ్లు ఉండాది."

నేను బెల్టు ఆమెకు సరిపోతుందో లేదో చూడటానికి వంగాను.